కమ్యూనిటీ కాలేజీ విద్యార్థికి చిప్‌ల ప్రయోగశాలలో చోటుందా?

ప్రశ్న: మేము ఆరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటున్నాము. మా వారు హెచ్‌-1బీ మీద పనిచేస్తున్నారు. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 అర్జీకి ఆమోదం వచ్చి ఏళ్ళు గడిచినా గ్రీన్‌కార్డు వరుస కదలడం లేదు. మా అబ్బాయికి పంతొమ్మిది నిండాయి, తండ్రి వీసా మీద ఆధారపడిన హెచ్‌-4 మీద ఉన్నాడు. ఖర్చు కలిసివస్తుందని మారికోపా కమ్యూనిటీ కాలేజీల్లో ఒకదానిలో చేర్పించాము. రెండేళ్ళ తర్వాత ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌కు మారాలని వాడి ఉద్దేశం. చుట్టుపక్కల ఇంటెల్, టీఎస్‌ఎంసీ ఫ్యాక్టరీలు లేస్తున్నాయి కాబట్టి చిప్‌ల తయారీలో స్వయంగా చేతితో పనిచేసిన అనుభవం కావాలంటున్నాడు. అటువంటివి పెద్ద యూనివర్సిటీల పిల్లలకే గాని వీళ్ళకు రావని తెలిసినవాళ్ళు అంటున్నారు. కాలేజీవాళ్ళు నడిపే పది రోజుల టెక్నీషియన్ కోర్సు చేస్తే వాడు టెక్నీషియన్‌గానే మిగిలిపోతాడేమోనని మా వారి భయం. రెండున్నర వేల డాలర్లు కడితే శిక్షణతోపాటు ఇంటర్న్‌షిప్ చేసినట్టు లెటర్ కూడా ఇప్పిస్తామని ఒకాయన చెబుతున్నాడు. మమ్మల్ని ఏం చేయమంటారు?
— ఒక తల్లి, చాండ్లర్

సమాధానం: అమ్మా, కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు పరిశోధన అవకాశాలు రావన్నది నిజం కాదు. మీ అబ్బాయికి వాటిలో చాలావరకు ఇప్పట్లో అందవన్నది మాత్రం నిజం. ఈ రెండింటినీ కలిపి చూస్తున్నందువల్లనే మీ ఇంట్లో ఇంత గందరగోళం ఏర్పడిందని నాకనిపిస్తోంది. అడ్డు వస్తున్నది కాలేజీ కాదు, వీసా. అందుకని ముందుగా ఏ తలుపు ఎవరికి తెరిచి ఉందో చెప్పి, ఆ తర్వాత మీ అబ్బాయి ఈ ఏడాదిలోనే చేయదగిన పనుల దగ్గరకు వస్తాను.

నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో విశ్వవిద్యాలయాల్లో వేసవిలో జరిగే పరిశోధన శిక్షణను ఆర్‌ఈయూ అంటారు. సుమారు పది వారాలపాటు విద్యార్థి ఒక ఆచార్యుడి ప్రయోగశాలలో చేరి, సాధారణంగా ఒక పీహెచ్‌డీ విద్యార్థి పక్కన నిలబడి పనిచేస్తాడు. అందుకు స్టైపెండ్ ఇస్తారు, చాలాచోట్ల వసతి కూడా చూపిస్తారు. పరిశోధన సౌకర్యాలు అంతగా లేని కళాశాలల నుంచి, అంటే రెండేళ్ళ కళాశాలల నుంచి కూడా, విద్యార్థులను తీసుకోవాలన్నది ఆ పథకం నియమాల్లోనే ఉంది. ఇంధన శాఖ అయితే కమ్యూనిటీ కాలేజీ ఇంటర్న్‌షిప్స్ అనే పేరుతో వీళ్ళ కోసమే వేరుగా ఒక పథకం నడుపుతోంది. దాని కింద ఆర్గాన్, బ్రూక్‌హేవెన్, లారెన్స్ బర్క్‌లీ వంటి జాతీయ ప్రయోగశాలల్లో పనిచేసే వీలుంటుంది. కాలిఫోర్నియాలో ఉన్న పాఠకులు బర్క్‌లీ విశ్వవిద్యాలయం ఆ రాష్ట్రపు కమ్యూనిటీ కాలేజీ విద్యార్థుల కోసం ఏర్పరచిన ట్రాన్స్‌ఫర్ టు ఎక్సలెన్స్ కార్యక్రమాన్ని కూడా చూడవచ్చు. పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్న పిల్లలు డిసెంబరు నాటికే అధ్యాపకుల సిఫారసు లేఖలు సిద్ధం చేసుకోవాలి, ఎందుకంటే వేసవి దరఖాస్తుల గడువులు ఎక్కువగా జనవరి, మార్చి నెలల మధ్యనే ముగిసిపోతాయి. ఒకే చోటికి దరఖాస్తు పెట్టి కూర్చోవడం కూడా మంచిది కాదు, నిధులు తగ్గి 2025 వేసవిలో కొన్ని ఆర్‌ఈయూలు రద్దయిన సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ పథకాల స్టైపెండ్లు పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. రక్షణ శాఖ డబ్బుతో నడిచే ప్రాజెక్టులలో ఆంక్షలు ఇంకా ఎక్కువ. 2023 సెప్టెంబరులో ఆ శాఖ దేశం మొత్తం మీద ఎనిమిది మైక్రోఎలక్ట్రానిక్స్ కేంద్రాలను ప్రకటించినప్పుడు వాటిలో ఒకటి ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ నాయకత్వాన ఏర్పడింది. మీ ఊరికి అంత దగ్గరగా ఉన్నా, సాంకేతిక వివరాలు విదేశీయుల చేతికి వెళ్ళకుండా చూసే ఎగుమతి నియంత్రణ చట్టాలు వర్తించే పనుల్లోకి మీ అబ్బాయిని రానివ్వకపోవచ్చు. అది వాడి తెలివిని గురించిన తీర్పు కాదని వాడికి మీరు ముందే చెప్పి ఉంచాలి, ఎందుకంటే ఆ వయసు పిల్లలు తిరస్కారం వస్తే లోపం తమలోనే ఉందనుకుంటారు.

హెచ్‌-4 మీద ఉన్న పిల్లవాడు ఎంతైనా చదువుకోవచ్చు, ఉద్యోగం మాత్రం చేయకూడదు. డబ్బు తీసుకోకుండా ఏదైనా కంపెనీలో పనిచేస్తే తప్పేముందని చాలామంది మన తల్లిదండ్రులు అడుగుతుంటారు. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఊరికే చేసినంత మాత్రాన అది ఉద్యోగం కాకుండా పోదు, కాబట్టి ఆ దారి పట్టకండి. కళాశాలలో నమోదు చేసుకుని, రుసుము కట్టి, క్రెడిట్ల కోసం చేసే ప్రయోగశాల పని మాత్రం చదువు కిందికే వస్తుంది. మీ అబ్బాయికి ఇప్పుడున్న రాజమార్గం అదే. స్పెషల్ ప్రాజెక్ట్స్ అనో, స్వతంత్ర అధ్యయనమనో, ఆనర్స్ ప్రాజెక్టు అనో పేరు ఏదైనా, ఒక అధ్యాపకుడి పర్యవేక్షణలో ఒకటి నుంచి మూడు క్రెడిట్ల వరకు పరిశోధన చేసే ఏర్పాటు చాలా కమ్యూనిటీ కాలేజీల్లో ఉంటుంది, కాని అడిగేవాళ్ళు లేక అది కాటలాగులోనే పడి ఉంటుంది.

ఇక చేతితో పని అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫ్యాక్టరీ ఎంత పెద్దదైతే అనుభవం అంత గొప్పదన్న అభిప్రాయం మీ ఉత్తరంలో కనబడుతోంది. నేటి పెద్ద ఫ్యాబ్‌లలో, అంటే చిప్ ఫ్యాక్టరీలలో, వేఫర్లు అనే 300 మిల్లీమీటర్ల పలుచని సిలికాన్ బిళ్ళలు మూత వేసిన పెట్టెల్లో ఉండి, పైకప్పు కింద పట్టాల మీద నడిచే బండ్లలో ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి వాటంతటవే వెళ్తాయి. అక్కడ పనిచేసే మనిషి వేఫర్‌ను చేత్తో తాకే సందర్భమే అరుదు. వేసవి ఇంటర్న్‌గా వెళ్ళినవాడు చాలాసార్లు ఒక యంత్రం తాలూకు అంకెలను కంప్యూటరులో విశ్లేషించి వస్తాడు. అది విలువైన పనే గాని, మీ అబ్బాయి కోరుతున్నది అది కాదు. కళాశాలలోనో విశ్వవిద్యాలయంలోనో ఉండే, దుమ్ము చేరనివ్వని చిన్న క్లీన్‌రూమ్‌లో, అక్కడి యంత్రాలు పాతికేళ్ళ నాటివైనా సరే, విద్యార్థి నాలుగంగుళాల వేఫర్‌ను పటకారుతో పట్టుకుని మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా తానే నడిపించగలడు.

ఒక ఉదాహరణ చెబుతాను. సిలికాన్ వేఫర్‌ను సుమారు వెయ్యి డిగ్రీల సెల్సియస్ కొలిమిలో ఆక్సిజన్‌లోనో నీటి ఆవిరిలోనో ఉంచితే పైన గాజు వంటి ఆక్సైడ్ పొర పెరుగుతుంది. ఆ పొర మందాన్ని బట్టి రంగు మారుతుంది. దాదాపు 0.1 మైక్రాన్ దగ్గర ముదురు ఊదాగా, 0.12 దగ్గర నీలంగా, 0.2 దగ్గర లేత బంగారు ఛాయలో కనిపిస్తుంది. ఆ మీద ఫోటోరెసిస్ట్ అనే కాంతికి స్పందించే ద్రవాన్ని చుక్కలుగా పోసి వేఫర్‌ను వేగంగా తిప్పితే అది పలుచగా, సమంగా పరుచుకుంటుంది. ఆ గదిలో దీపాలు పసుపుపచ్చగా ఉండటానికి కారణం, మామూలు దీపంలోని నీలి, అతినీలలోహిత కిరణాలు రెసిస్ట్‌ను పాడుచేయడమే. సర్క్యూటు నమూనా ఉన్న మాస్కు గుండా అతినీలలోహిత కాంతి పడనిచ్చి, డెవలపర్‌లో ముంచి, బయటపడ్డ ఆక్సైడ్‌ను ఆమ్లంతో తొలిచి, ఆ కిటికీల గుండా సిలికాన్ విద్యుత్ గుణాన్ని మార్చే మలినాలను కావాలనే పంపి, లోహం పూసి, చివరికి నాలుగు సూదుల ప్రోబ్‌తో నిరోధాన్ని కొలుస్తారు. బయటి రెండు సూదుల మధ్య కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూసి, ఆ వోల్టేజిని కరెంటుతో భాగించి 4.53తో గుణిస్తే పలుచని పొర తాలూకు షీట్ నిరోధం వస్తుంది. పుస్తకంలో ఇది ఒక సూత్రం. ప్రయోగశాలలోనైతే వేఫర్ మధ్యలో ఒక విలువ, అంచు దగ్గర మరొక విలువ వస్తాయి, రెండూ లెక్కతో సరిపోవు. కొలిమిలో వేడి సమంగా లేదా, సూది సరిగా ఆనలేదా, ముందు మెట్టులో వేఫర్‌ను సరిగా కడగలేదా అని ఒక్కొక్క కారణాన్నీ పట్టి చూస్తూ వెళ్ళడమే ఈ రంగంలో పరిశోధన. అలా ఒక తేడాకు కారణం కనుక్కుని, తేదీలతో, కొలతలతో, గ్రాఫులతో నోటు పుస్తకంలో రాసుకున్న విద్యార్థిని ఇంటర్వ్యూలో ఏ ఇంజనీరైనా గంటసేపు ప్రశ్నలడుగుతాడు. కంపెనీ పేరు మాత్రమే చెప్పగలిగినవాడితో సంభాషణ రెండు నిమిషాల్లో ముగుస్తుంది.

తల్లిగా మీకు తెలియవలసిన ఒక మాట. ఆక్సైడ్‌ను తొలిచే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చాలా ప్రమాదకరమైనది, పలుచనిది పడితే మొదట నొప్పి కూడా తెలియకపోవచ్చు. అందువల్ల భద్రతా శిక్షణ, రాత పరీక్ష, పక్కన మరొకరు ఉండటం, కాల్షియం గ్లూకొనేట్ జెల్ చేతికందేలా ఉంచడం ఇవన్నీ ఉన్న ప్రయోగశాలలోకే పంపండి. ఇవి అడిగితే విసుక్కునే చోట మీ అబ్బాయి నేర్చుకోవలసింది ఏమీ లేదు.

వాడి కాలేజీలో క్లీన్‌రూమ్ లేకపోతే దారులు మూసుకుపోవు. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యాన మొదలైన రెయిన్ అనే కళాశాలల సమూహం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వంటి పరికరాలను ఇంటర్నెట్ ద్వారా దూరం నుంచే తరగతుల చేత వాడనిస్తుంది. అధ్యాపకుడు అడగాలి అంతే. పర్డ్యూ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన నానోహబ్‌లో ట్రాన్సిస్టర్ల సిమ్యులేషన్ సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. వీటిని క్లీన్‌రూమ్‌కు బదులు అనుకోకూడదు గాని, లోపలికి వెళ్ళే రోజుకు విద్యార్థిని సిద్ధం చేస్తాయి.

పది రోజుల టెక్నీషియన్ కోర్సు విషయానికి వస్తాను. ఇంటెల్ తోడ్పాటుతో 2022లో మేసా కమ్యూనిటీ కాలేజీలో మొదలై తర్వాత మారికోపాలోని మరికొన్ని కాలేజీలకు విస్తరించిన కోర్సు గురించే మీరు రాశారనుకుంటాను. అది తొడుగులు వేసుకోవడం నుంచి మొదలుపెట్టి ఫ్యాబ్‌లో ఎలా మెలగాలో, అక్కడి పనులు ఎలా సాగుతాయో పరిచయం చేస్తుంది. ఈ సెమిస్టరులో నడుస్తోందో లేదో కాలేజీనే అడగాలి. అది చేసినంత మాత్రాన ఎవరి మీదా ముద్ర పడదు, పైగా వ్యాక్యూమ్ పంపు ఎందుకు మొరాయిస్తుందో తెలిసిన ఇంజనీరుకు ఫ్యాబ్‌లో ఉండే గౌరవం వేరు. వీలుంటే ఒక సెలవులో చేయనివ్వండి. చేసిన తర్వాత వచ్చే ఉద్యోగం హెచ్‌-4 మీద చేయలేడు కాబట్టి దానిని ఒక పరిచయంగానే తీసుకోవాలి.

మీ వారు భయపడవలసిన చోటు మరొకటి ఉంది. కమ్యూనిటీ కాలేజీల్లో రెండు రకాల అసోసియేట్ డిగ్రీలుంటాయి. అసోసియేట్ ఆఫ్ సైన్స్ అనేది నాలుగేళ్ళ డిగ్రీకి మారేవాళ్ళ కోసం ఏర్పడింది. అసోసియేట్ ఆఫ్ అప్లయిడ్ సైన్స్ నేరుగా ఉద్యోగంలోకి వెళ్ళేవాళ్ళది, సెమీకండక్టర్ టెక్నీషియన్ కార్యక్రమాలు ఎక్కువగా దీని కిందే ఉంటాయి. దీనిలోని క్రెడిట్లు చాలావరకు ఇంజనీరింగ్ డిగ్రీలో లెక్కకు రావు. మన దగ్గర డిప్లమో చేసినవాళ్ళు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరినట్టే ఇక్కడా చేరతారని మనవాళ్ళు అనుకుంటారు, కాని ఇక్కడ ప్రవేశ పరీక్ష ఉండదు, ఒక్కొక్క సబ్జెక్టు దేనికి సరిపోతుందో చూసి బదిలీ చేస్తారు. అందువల్ల సెమీకండక్టర్ అన్న మాట చూసి మీ అబ్బాయి తన డిగ్రీ దారి మార్చుకోకూడదు. కాలిక్యులస్ మూడు భాగాలు, అవకలన సమీకరణాలు, కాలిక్యులస్‌తో కూడిన భౌతికశాస్త్రం, సర్క్యూట్లు పూర్తిచేస్తూ, ప్రతి సెమిస్టరు నమోదుకు ముందు ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ బదిలీ పట్టికతో సరిచూసుకోవాలి. ఒక సర్క్యూట్ల తరగతి సమయానికి దొరకకపోతే ఏడాది వెనకబడతాడు, ఆ నష్టం ఏ ఇంటర్న్‌షిప్పూ పూడ్చదు.

విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో అడుగుపెట్టడానికి వాడే ఉత్తరం రాయాలి, మీరు గాని మీ వారి స్నేహితులు గాని రాయకూడదు. ముందు తన కాలేజీ అధ్యాపకులను కలవమనండి. వాళ్ళకు బోధన భారం ఎక్కువ, సొంత పరిశోధనకు తీరిక తక్కువ, కాని టెంపీలో ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ క్లీన్‌రూమ్ అయిన నానోఫ్యాబ్ నడిపేవాళ్ళూ తమ పాత విద్యార్థులూ ఎవరో తెలిసి ఉంటారు. ఆచార్యుడికి పంపే ఉత్తరం ఏడెనిమిది వాక్యాలకు మించనక్కరలేదు. తాను ఏ కాలేజీలో ఏ సబ్జెక్టులు పూర్తిచేశాడో, ఆ ప్రయోగశాల ప్రచురించిన ఏ వ్యాసం చదివాడో, అందులో తనకు అర్థం కాని ఒక నిర్దిష్టమైన విషయం ఏమిటో, వారానికి ఎన్ని గంటలు రాగలడో, తాను హెచ్‌-4 మీద ఉన్నందున జీతం కాకుండా క్రెడిట్ల కోసమే పనిచేయగలనని స్పష్టంగా రాయాలి. చిన్నప్పటినుంచీ ఎలక్ట్రానిక్స్ అంటే ప్రాణమన్న వాక్యాలు ఆ ఆచార్యుల పెట్టెలో రోజూ పడుతూనే ఉంటాయి. పది రోజుల్లో జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేయవచ్చు. అదే ప్రయోగశాలలోని పీహెచ్‌డీ విద్యార్థికి రాస్తే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ, ఎందుకంటే చేతి సాయం కావలసింది వాళ్ళకే.

వీసాతో పెద్దగా సంబంధం లేని దారి ఒకటుంది, అది చిప్ రూపకల్పన. గూగుల్, స్కైవాటర్ సంస్థలు 2020లో 130 నానోమీటర్ల తయారీ పద్ధతి వివరాలను అందరికీ తెరిచి ఉంచిన తర్వాత, వేలంవెర్రిగా కాకపోయినా గట్టిగానే, విద్యార్థులు సొంత చిప్‌లు గీయడం మొదలుపెట్టారు. టైనీ టేపౌట్ అనే ప్రాజెక్టు ఎందరివో చిన్న చిన్న రూపకల్పనలను ఒకే చిప్ మీద పక్కపక్కన సర్ది తయారుచేయిస్తుంది. ఒక్కొక్కరికి వచ్చే గడిలో సుమారు వెయ్యి లాజిక్ గేట్లు పడతాయి. కొన్ని వందల డాలర్ల ఖర్చుతో, కొన్ని నెలలు ఓపిక పడితే, మీ అబ్బాయి గీసిన సర్క్యూటు నిజమైన సిలికాన్‌గా ఇంటికి వస్తుంది. ఈ ప్రయత్నాలకు ఆధారంగా ఉన్న ఈఫాబ్లెస్ కంపెనీ 2025 మార్చిలో మూతపడినా, టైనీ టేపౌట్ జర్మనీలోని ఐహెచ్‌పీ సంస్థ వైపు తిరిగి కొనసాగుతోంది. ముందుగా ఒక ఎఫ్‌పీజీఏ బోర్డు, అంటే కావలసిన సర్క్యూటుగా మళ్ళీ మళ్ళీ మలచుకోగల చిప్ ఉన్న బోర్డు, కొనుక్కుని అదే రూపకల్పనను దాని మీద నడిపి చూసుకుంటే డబ్బు వృథా కాదు. ఇంట్లో కూర్చుని చేసేది కాబట్టి ఇది ఆటగా కనిపించవచ్చు, కాని నా దృష్టిలో మూడో ఏట విశ్వవిద్యాలయంలో చేరేవాడికి ఇంతకు మించిన పరిచయ పత్రం లేదు.

మీ ఇంట్లో అసలు చర్చ జరగవలసింది ఇరవై ఒకటో పుట్టినరోజు గురించి. పిల్లల వయసు లెక్కలో ఐ-140 పరిశీలనలో గడిచిన కాలాన్ని తీసివేసే చట్టం 2002 నుంచి ఉంది గాని, వరుస కదలకపోతే దానివల్ల మీకు ఒరిగేది కొద్దిగానే ఉంటుంది. 21 నిండాక మీ అబ్బాయి హెచ్‌-4లో ఉండలేడు, విద్యార్థి వీసా అయిన ఎఫ్‌-1కు మారవలసి వస్తుంది. ఆ మార్పును శిక్షగా చూడకండి. ఎఫ్‌-1 విద్యార్థి చదువు రోజుల్లో వారానికి ఇరవై గంటల వరకు తన కళాశాల ఆవరణలోనే జీతానికి పనిచేయవచ్చు, అంటే ప్రయోగశాలలో సహాయకుడిగా కూడా. ఒక పూర్తి విద్యా సంవత్సరం పూర్తయ్యాక చదువులో భాగమైన ఇంటర్న్‌షిప్‌కు సీపీటీ అనే పని అనుమతి అడగవచ్చు. మరోవైపు స్థానిక విద్యార్థి రుసుము పోయి బయటివాళ్ళ రుసుము పడవచ్చు, గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తున్న ఇంట్లోని పిల్లవాడికి స్వదేశానికి తిరిగి వెళ్ళే ఉద్దేశం గురించిన ప్రశ్న కూడా ఎదురవుతుంది. ముందుగానే మారితే జీతంతో కూడిన అనుభవం, చివరిదాకా ఆగితే రుసుములో ఆదా. ఎవరి లెక్క వారిది. నన్నడిగితే, రుసుము తేడాను కాగితం మీద వేసి చూసి, భరించగలిగినంతే అయితే విశ్వవిద్యాలయంలో చేరే సమయానికి మారడం మేలంటాను. ఎలాగైనా కనీసం ఏడాది ముందే ఇమ్మిగ్రేషన్ న్యాయవాదినీ, కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్నీ కలవండి, దరఖాస్తులు తేలడానికి నెలలు పడుతుంది. డిగ్రీ తర్వాత ఎఫ్‌-1 మీద పనిచేయనిచ్చే ఓపీటీకి, సైన్స్, ఇంజనీరింగ్ వంటి చదువులవాళ్ళకు ఉండే 24 నెలల స్టెమ్ పొడిగింపు అసోసియేట్ డిగ్రీకి వర్తించదని కూడా గుర్తుంచుకోవాలి, నాలుగేళ్ళ డిగ్రీ పూర్తిచేయడానికి ఇది మరొక కారణం.

చివరిగా, లెటర్ ఇప్పిస్తానన్న పెద్దమనిషి సంగతి. చేయని పనికి చేసినట్టు పత్రం తీసుకోవడం కళాశాలలో క్రమశిక్షణ సమస్యతో ఆగదు. ఆ పత్రం ఎప్పుడైనా వీసా దరఖాస్తులోకి చేరి, తప్పుడు సమాచారమిచ్చి ప్రయోజనం పొందజూశారని అధికారులు తేలిస్తే, అమెరికాలో ప్రవేశానికి శాశ్వతంగా అనర్హత రావచ్చు. పైగా హెచ్‌-4 మీద ఉన్న కాలానికి ఇంటర్న్‌షిప్ లెటర్ ఉండటమే అనుమతి లేకుండా పనిచేసినట్టు సాక్ష్యమవుతుంది. నిజమైన ఇంటర్న్‌షిప్ ఇచ్చేవాడు విద్యార్థికి డబ్బిస్తాడు గాని తీసుకోడు. మారికోపా కాలేజీల్లో స్థానిక విద్యార్థులకు ఈ మధ్య సంవత్సరాల్లో క్రెడిట్ రుసుము 97 డాలర్లుగా ఉంటూ వచ్చింది, ఆ లెక్కన ఆయన అడిగిన రెండున్నర వేలతో మీ అబ్బాయి పాతిక క్రెడిట్లు, అంటే దాదాపు రెండు సెమిస్టర్లు చదవగలడు.